ఒకటి మారిస్తే ఎన్ని మారాలి?

హైదరాబాద్‌లోని ఎల్బీనగర్ రింగ్‌రోడ్డు చౌరస్తాను ఇవాళ కొత్తగా చూసేవాళ్లు అదంతా ఒకే ప్లానుతో ఒకేసారి కట్టేశారనుకుంటారు. కాదు. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో 2018 సెప్టెంబరు 24న మొదలైంది. చింతల్‌కుంట అండర్‌పాస్, కామినేని చౌరస్తాలో ఒకవైపు ఫ్లైఓవర్ ఆ ఏడాదే వచ్చాయి. ఎల్బీనగర్‌లో ఒకవైపు ఫ్లైఓవర్ 2019లో, ఒకవైపు అండర్‌పాస్ 2020లో, రెండోవైపు ఫ్లైఓవర్ 2023 మార్చిలో తెరిచారు. బైరామల్‌గూడ రెండో అంచె ఫ్లైఓవర్ 2024 మార్చి దాకా ఆగింది. ఇన్నేళ్లూ ఒక చౌరస్తా చుట్టూ పనులు ఒకదాని తోక పట్టుకుని ఒకటి నడిచాయి. ఇలాంటి చోట పిల్లరు లేవాలంటే మంచినీటి పైపు జరగాలి, అది జలమండలి పని. కరెంటు లైను జరగాలి, అది విద్యుత్ పంపిణీ సంస్థ పని. భూసేకరణ రెవెన్యూది, ట్రాఫిక్ మళ్లింపు పోలీసులది, కాంట్రాక్టరు బిల్లు జీహెచ్ఎంసీది. ఒక్కరి రిజిస్టరులో తేదీ జరిగితే చాలు, మిగతావాళ్ల రిజిస్టర్లలో ఏదో ఒకటి అబద్ధమైపోతుంది.

ఆ అబద్ధాన్ని ఎవరు దిద్దాలి, ఎప్పుడు దిద్దాలి? మనిషి ఫోన్ చేసి చెబితే దిద్దుకోవాలా, లేక ముడిపడిన రికార్డులు వాటంతట అవే మారిపోవాలా? ప్రాజెక్టులు నడిపే టూళ్లను ఒకదానితో ఒకటి కలిపే ప్రతిచోటా ఈ ప్రశ్న ఉంది. దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో హాస్టల్ గది పంచుకుని కోర్సులు చేసిన పిల్లలు ఉద్యోగంలో చేరగానే తెరిచేది ఇలాంటి టూలే. మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గం వైపు వెళ్లేవాళ్లలో చాలామందికి ఇది రోజూ ఉండే తలనొప్పి. టీము జిరాలో రాసుకుంటుంది, క్లయింటు అజూర్ డెవాప్స్ చూస్తాడు, పై మేనేజరు మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టులోనో ఎక్సెల్‌లోనో తేదీలు పెట్టుకుంటాడు. మూడూ సింక్‌లో ఉన్నాయని అందరూ అనుకుంటారు.

మొదట్లో ఈ బాధ లేదు. పనుల మధ్య ముడులను లెక్కగట్టే పద్ధతులు రెండూ దాదాపు ఒకే కాలంలో పుట్టాయి. ఒకటి 1957 ప్రాంతంలో డ్యూపాంట్ కంపెనీలో తయారైన క్రిటికల్ పాత్, రెండోది 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం తయారుచేయించిన పెర్ట్. ప్రైమవేరా 1983లో, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ 1984లో వచ్చాయి. వీటన్నిటిలో పట్టిక ఒకటే, దాన్ని మార్చే చేయీ ఒకటే. ఒక తేదీ జరిపితే దాని మీద ఆధారపడినవన్నీ ఆ పట్టికలోనే లెక్క మార్చుకుంటాయి. 2002లో జిరా, 2011లో ట్రెల్లో, తర్వాత ఇంకా బోలెడు వచ్చాక ఒకే పని నాలుగు చోట్ల నాలుగు రికార్డులుగా బతకడం మొదలైంది. సింక్ అనే వ్యాపారం పుట్టింది ఆ సందులోనే.

టూళ్లు కలపడంలో సులువైన భాగం పేరు, వివరణ, గడువు తేదీ లాంటి గడులను అటూ ఇటూ కాపీ చేయడం. దాని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. కష్టం లింకు దగ్గర మొదలవుతుంది, ఎందుకంటే లింకు ఒక రికార్డులో ఉండే గడి కాదు, రెండు రికార్డుల మధ్య ఉండే సంబంధం. పైగా ఒక్కో టూలు ఆ సంబంధాన్ని ఒక్కో రకంగా అర్థం చేసుకుంటుంది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టులో ముడులు నాలుగు రకాలు. ఇది ముగిస్తే అది మొదలు, రెండూ కలిసి మొదలు, రెండూ కలిసి ముగింపు, ఇది మొదలైతేనే అది ముగింపు. వాటి మధ్య ఇన్ని రోజుల ఎడం ఉండాలని కూడా చెప్పొచ్చు. జిరాలో "బ్లాక్స్" అనే లింకు ఉంది కానీ, అదనపు రూలేదీ పెట్టకపోతే అది ఏ తేదీనీ జరపదు, అడ్డుపడ్డ టికెట్‌ను ఎవరైనా మూసేస్తే ఆపదు కూడా. అది ఒక సూచన మాత్రమే. ట్రెల్లోలో ఒక కార్డుకు ఇంకో కార్డును జతచేయడం అంటే అటాచ్‌మెంట్ పెట్టడమే.

ఇప్పుడు కాంక్రీటు పోసిన పనికీ, దాని మీద వచ్చే పనికీ మధ్య 7 రోజుల క్యూరింగ్ ఎడం పెట్టి, ఆ ముడిని జిరాలోకి పంపామనుకోండి. అక్కడ అది ఉత్త "బ్లాక్స్" అవుతుంది. ఎడం పెట్టుకోవడానికి అక్కడ చోటు లేదు. అటునుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆ ముడి సున్నా రోజుల ఎడంతో వస్తుంది. కాంక్రీటు గట్టిపడకముందే దాని మీద పని మొదలైనట్టు పట్టిక లెక్క చెబుతుంది. ఎక్కడా ఎర్రర్ రాదు, సింక్ విజయవంతం అని పచ్చటి టిక్కు కనిపిస్తుంది. తెగిపోయిన లింకు కన్నా ఇలా పలచబడిన లింకు ప్రమాదమని నా అభిప్రాయం. తెగితే కనీసం ఎవరో ఒకరు గమనిస్తారు.

లెక్కగట్టే గడులతో ఇంకో చిక్కు ఉంది. పెద్ద పని ఎంతవరకు వచ్చిందన్నది దాని కింది చిన్న పనులను బట్టి టూలే లెక్క వేస్తుంది. ఆ లెక్కకు వచ్చిన అంకెను కూడా సింక్ చేస్తే, అటువైపు టూలు తన లెక్క తాను వేసి వేరే అంకె చూపిస్తుంది, అది ఇటు వస్తుంది, ఇది మళ్లీ దిద్దుతుంది. ఈ కొట్లాటకు మందు చాలా సింపుల్: లెక్కగట్టిన అంకెను పంపకూడదు, లెక్కకు ఆధారమైన వాటినే పంపాలి. ఎక్కడికక్కడ లెక్క వేసుకోనివ్వాలి.

లింకు దేన్ని పట్టుకుని ఉండాలన్నది ఆ తర్వాతి ప్రశ్న. 2023లో ఫ్లైఓవర్ తెరిచినప్పుడు ఎల్బీనగర్ చౌరస్తాకు శ్రీకాంతాచారి పేరు పెడుతున్నట్టు ప్రకటించారు. తెలంగాణ ఉద్యమంలో 2009లో ఆయన ఒంటికి నిప్పంటించుకున్నది అక్కడే. ఆటోవాళ్లు మాత్రం ఇప్పటికీ రింగ్‌రోడ్డు అనే అంటారు. చోటు ఒకటే, పిలుపులు మూడు. మనుషులకు ఇబ్బంది లేదు. పేరును బట్టి లింకు వేసిన రికార్డుకు మాత్రం పేరు మారిన రోజే చౌరస్తా మాయమవుతుంది. 2024లో రాష్ట్రపు గుర్తు టీఎస్ నుంచి టీజీకి మారినప్పుడు కొత్త బండ్లకు టీజీ ఇచ్చి, పాత టీఎస్ నంబర్లను అలాగే ఉంచారు. అది తెలివైన పని. ఒకసారి ఇచ్చిన గుర్తును వెనక్కి వెళ్లి మార్చకూడదని అనుభవం ఉన్న ఏ డేటాబేస్ మనిషైనా చెబుతాడు. జిరాలో టికెట్‌ను ఒక ప్రాజెక్టు నుంచి ఇంకో ప్రాజెక్టుకు మారిస్తే తెర మీద కనిపించే నంబరు మారుతుంది, లోపల ఉండే గుర్తు సంఖ్య మారదు. పై నంబరు పట్టుకుని కట్టిన సింకులు టికెట్ ఇల్లు మారిన నాడు కూలిపోవచ్చు.

రికార్డులు కలిసిపోయినప్పుడు ఈ బాధ రెట్టింపు. 2007 ఏప్రిల్‌లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం సహా 12 మునిసిపాలిటీలు పాత హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసి జీహెచ్ఎంసీ ఏర్పడింది. దాని కింద ఇంటికి తలుపు మీద రాసే నంబరు ఒకటి, ఆస్తిపన్ను లెక్కకు పీటీఐఎన్ అనే నంబరు ఇంకొకటి. మనిషి కోసం ఒక గుర్తు, ఖాతా కోసం ఒక గుర్తు విడిగా ఉంచడం ఇలాంటి విలీనాల్లో పనికొస్తుంది. రెండు టికెట్లు ఒకే పని గురించినవని తేలి ఒకదాన్ని డూప్లికేట్‌గా మూసినప్పుడు కూడా ఇదే అవసరం. మూసిన దానికి తగిలించిన లింకులన్నీ బతికున్న దానికి దారి చూపించాలి, గాలిలో వేలాడకూడదు.

ఇక సమయం. ఒక టూలులో మార్పు జరిగిన సంగతి రెండోదానికి తెలిసే దారులు రెండే. మొదటిది పిలిచి చెబుతుంది, లేదా రెండోది కొద్దికొద్దిసేపటికి వెళ్లి అడుగుతుంది. పిలిచి చెప్పే పద్ధతికి వెబ్‌హుక్ అని పేరు. అది వేగం, కానీ అదే కబురు రెండుసార్లు రావచ్చు, ముందుది వెనక రావచ్చు, ఒక్కోసారి రాకపోనూవచ్చు. అందుకే పిల్ల రికార్డు తల్లి రికార్డు కన్నా ముందు వచ్చి, ఎవరికి తగిలించాలో తెలియక నిలబడిపోతుంది. అనుభవజ్ఞులు చేసేది ఏమిటంటే, మొదటి విడతలో రికార్డులన్నీ తయారు చేసి, రెండో విడతలో లింకులు వేయడం. ఇంకా రాని రికార్డు కోసం లింకును పక్కన కూర్చోబెట్టి, అది రాగానే కట్టడం. వెళ్లి అడిగే పద్ధతిలో సమస్యలు వేరు. ఫలానా సమయం తర్వాత మారినవి ఇమ్మని జిరాను వెతుకులాట భాషలో అడిగితే అది నిమిషాల వరకే లెక్కిస్తుంది, సెకన్లు చూడదు. పైగా అడిగిన ఖాతా టైమ్‌జోన్‌ను బట్టి అర్థం చేసుకుంటుంది. మన సమయం అంతర్జాతీయ ప్రమాణ సమయానికి ఐదున్నర గంటలు ముందు ఉంటుంది కనుక, ఈ రెండు సంగతులూ మరిచిన ప్రోగ్రాము కొన్ని మార్పులను చూడకుండా దాటేస్తుంది.

ఇద్దరూ ఒకే గడిని ఒకేసారి మారిస్తే ఎవరి మాట చెల్లాలి? ఎక్కువ టూళ్లు ఇచ్చే జవాబు, చివర రాసినవాడిదే గెలుపు. వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ వేర్వేరు కంప్యూటర్ల గడియారాలను బట్టి ఏది ముందు ఏది వెనక అని తేల్చలేమని లెస్లీ లాంపోర్ట్ 1978లోనే చూపించాడు. మేలైన పద్ధతి గత సింక్ నాటి విలువను గుర్తుపెట్టుకోవడం. పాత విలువ, ఇటు విలువ, అటు విలువ మూడూ పక్కపక్కన పెడితే నిజంగా మార్చింది ఎవరో తెలుస్తుంది. ఒకరే మార్చి ఉంటే అది తీసుకోవాలి. ఇద్దరూ మార్చి ఉంటే ఆగి మనిషిని అడగాలి. 2011లో సీఆర్‌డీటీ అనే డేటా నిర్మాణాలను లాంఛనంగా నిర్వచించారు, ఇవి గొడవ రాకుండానే మార్పులను కలుపుతాయి. ఇద్దరు కలిసి టైపు చేసే డాక్యుమెంటుకు అవి అద్భుతం. గడువు తేదీకి మాత్రం పెద్దగా సాయపడవు. మార్చి 10, మార్చి 20లలో ఏదో ఒకటే నిలవాలి, సగటు కట్టి 15 అంటే కాంట్రాక్టరు నవ్విపోతాడు.

ప్రతిధ్వని కూడా ఉంది. ఇటు మార్పు అటు వెళ్తుంది, అటు మార్పు జరిగిందని ఇటు కబురు వస్తుంది, అది మళ్లీ అటు. దీన్ని ఆపడానికి సింక్ ఖాతా చేసిన మార్పులను పట్టించుకోవద్దని రూలు పెడతారు. అప్పుడు ఆ ఖాతా చేతి మీదుగా జరిగిన అసలైన మార్పులు కూడా పోతాయి. ఖాతాను చూసి కాదు, విలువను చూసి ఆపడం ఒక్కటే సరైన దారి.

ఇవన్నీ చిల్లర చిక్కులు. పెద్ద ప్రశ్న ఇది: ముడిపడిన రికార్డులన్నీ మారితే అన్నీ మారాలి, లేకపోతే ఏదీ మారకూడదు అని పట్టుబట్టగలమా? ఒకే డేటాబేసులో పట్టుబట్టగలం. వేర్వేరు డేటాబేసుల మధ్య కూడా, ముందు అందరినీ సిద్ధమా అని అడిగి, అందరూ ఊఁ అన్నాకే రాయమనే రెండంచెల పద్ధతి 1970ల నుంచే ఉంది. కానీ ఒక కంపెనీ అమ్మే టూలు ఇంకో కంపెనీ టూలు కోసం తన రికార్డుకు తాళం వేసి ఎదురుచూడదు. అందుకే ఇక్కడ పనికొచ్చేది 1987లో గార్సియా మోలినా, సేలెమ్ ప్రతిపాదించిన సాగా అనే ఆలోచన. పెద్ద మార్పును చిన్న అడుగులుగా విడగొట్టాలి. ప్రతి అడుగుకూ దాన్ని రద్దుచేసే ఎదురు అడుగును ముందే రాసి పెట్టుకోవాలి. మధ్యలో ఆగిపోతే వచ్చిన దారినే వెనక్కి నడవాలి. నన్నడిగితే మొత్తం విషయానికి గుండెకాయ ఆ ఎదురు అడుగే. అమ్మేవాళ్లు వేగం చూపిస్తారు, కొనేవాళ్లు వేగం చూసి కొంటారు, వెనక్కి వచ్చే దారి గురించి ఎవరూ అడగరు.

దాని విలువ ఎంతో మన దగ్గర లక్షల మందికి భూమి కాగితాలు నేర్పాయి. 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణి పోర్టల్ తెలంగాణలో ముడిపడిన రికార్డులను ఒకేసారి మార్చిన పెద్ద ప్రయోగం. అంతకుముందు పొలం కొంటే రిజిస్ట్రేషన్ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో, మ్యుటేషన్ తహసీల్దార్ దగ్గర. రెండింటి మధ్య నెలలు పట్టేది, చేతులు తడపాల్సి వచ్చేది. ధరణిలో తహసీల్దారే జాయింట్ సబ్‌రిజిస్ట్రార్. స్లాట్ బుక్ చేసుకుని వెళ్తే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే పూట, ఒకే బల్ల దగ్గర. ఒక రికార్డు మారితే దానికి ముడిపడింది కూడా ఆ క్షణమే మారేది. ఆ వేగం చిన్న విషయం కాదు, దాన్ని తీసిపారేయలేం.

చిక్కు ఆ డేటా వచ్చిన దారిలో ఉంది. 2017లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలో వివాదం లేనివి, ఉన్నవి అని భూములను రెండు భాగాలు చేశారు. వివాదమున్న పార్ట్ బి భూములకు పాస్‌బుక్కులు ఆగాయి. పాత పహాణీలో అనుభవదారు కాలమ్ ఉండేది, కొత్త దాంట్లో తీసేశారు. కాగితం మీద పట్టాదారు ఒకరు, సాగులో ఉన్నది ఒకరు అయిన చోట ఆ కాలమ్ ఒక్కటే రెండోవాడి ఆధారం. పైన చెప్పిన 7 రోజుల ఎడం లాగే అది కూడా ఎర్రర్ ఏమీ రాకుండానే పోయింది. ఒకసారి తప్పు పేరు ఎక్కితే దిద్దే అధికారం తహసీల్దారుకు ఉండేది కాదు. దరఖాస్తు టీఎం 33 లాంటి మాడ్యూళ్ల దారిన కలెక్టరు దాకా పోవాల్సి వచ్చేది. మారడానికి ఒక పూట, దిద్దడానికి నెలలు, ఏళ్లు. వ్యవసాయేతర ఆస్తులను కూడా ఇందులోకే తెద్దామని చూస్తే 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నగరంలో రిజిస్ట్రేషన్లే ఆగిపోయాయి. హైకోర్టు జోక్యం తర్వాత ఇళ్లు, ప్లాట్లకు 1998 నాటి కార్డ్ పద్ధతికే తిరిగి వచ్చారు.

లింకు ఎంత పెద్ద ముక్కకు వేయాలన్న ప్రశ్నకు ఎల్బీనగర్ చుట్టుపక్కల కాలనీల కన్నా మంచి పాఠం దొరకదు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ కింద నిషేధిత జాబితా ఉంటుంది. దాంట్లో సర్వే నంబరు చేరితే ఆ నంబరు కిందికి వచ్చే ప్లాటు దేనికీ రిజిస్ట్రేషన్ కాదు. సర్వే నంబరులో కొంత భాగమే సర్కారుదైనా, జాబితాలో ఎక్కేది మొత్తం నంబరే అయితే, పైసా పైసా కూడబెట్టి 100 గజాలు కొన్న మనిషి కూడా ఇరుక్కుపోతాడు. ఇల్లు కట్టుకుని, పన్ను కడుతూ, కరెంటు బిల్లు కడుతూ ఉన్నవాళ్లకే తమ ఇంటిని అమ్ముకునే హక్కు ఏళ్లతరబడి లేకపోయింది. ఎల్బీనగర్ సహా కొన్ని నియోజకవర్గాల్లోని 44 కాలనీల కోసం 2022లో జీవో 118 తెచ్చి క్రమబద్ధీకరణ మొదలుపెట్టాల్సి వచ్చింది. చూడండి, పన్ను రికార్డు ఆ ఇల్లు ఉందంటుంది, మీటరు ఉందంటుంది, రిజిస్ట్రేషన్ రికార్డు అమ్మడానికి వీల్లేదంటుంది. మూడూ తమ తమ లెక్కలో సరైనవే. టూళ్లలో ఇదే తప్పు రోజూ జరుగుతుంది. ఒక చిన్న పనికి అడ్డంకి ఉంటే దాన్ని తల్లి రికార్డుకు తగిలిస్తారు, దాని కింది 40 పనులూ ఎర్రగా మారిపోతాయి. అడ్డంకి ఎంతలో ఉందో లింకు అంతకే వేయాలి.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అప్పీళ్లకు అంచెలు పెట్టారు, వారసత్వ మ్యుటేషన్‌కు విచారణ, గడువు పెట్టారు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, కొన్ని మార్పులు వెంటనే జరిగిపోవచ్చు, కొన్ని ఆగి, నోటీసిచ్చి, అభ్యంతరం విన్నాకే జరగాలి అని ఒప్పుకున్నారు. అది ఎంత బాగా నడుస్తుందో చెప్పడానికి ఇంకా కాలం పడుతుంది కానీ, ఆ ఒప్పుకోలు మాత్రం సరైనది. టూళ్లు కలిపేవాళ్లు కూడా ఇలా విడదీసుకోవాలి. వ్యాఖ్య, అటాచ్‌మెంటు, స్టేటస్ వెంటనే వెళ్లిపోనివ్వండి. గడువు, బాధ్యుడి పేరు, బిల్లుకు సంబంధించిన అంకె వెళ్లేముందు అటువైపు మనిషి సరే అనాలి. గడి గడికీ యజమాని ఎవరో రాసి పెట్టుకోవాలి. పైపు జరిపే తేదీ జలమండలి ఇంజనీరుది. ఫ్లైఓవర్ పట్టికలో ఆ తేదీ కనిపించాలి, కానీ అక్కడ మార్చడానికి వీలుండకూడదు. రెండువైపులా రాయగలిగే సింక్ కావాలని క్లయింట్లు పట్టుబడతారు. నా లెక్కలో వాళ్లకు నిజంగా కావలసింది రెండువైపులా చూడగలగడం, ఒకవైపే రాయగలగడం.

వెనక్కి వచ్చే దారి సంగతికొస్తే, ప్రతి సింక్‌కూ ఒక నంబరు ఇచ్చి, ఆ విడతలో మారిన రికార్డులన్నిటినీ, వాటి పాత విలువలతో, పాత లింకులతో సహా ఒకచోట రాసి ఉంచితే చాలావరకు దొరుకుతుంది. గడి చరిత్రను రాసే టూళ్లు ఎన్నో ఉన్నాయి. ఏ విడత ఏ లింకును ఎందుకు వేసిందో, ఎందుకు తీసేసిందో విప్పి చూపించేవి తక్కువ. తొలగించిన రికార్డు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఒకచోట తీసేసినది రెండోచోట కొత్తదనుకుని మళ్లీ పుట్టకుండా, తొలగించిన గుర్తును కొంతకాలం మిగల్చాలి.

ఇంత చేసినా ఒక ప్రశ్న మిగులుతుంది. తప్పు మార్పు జరిగిన తర్వాత, అది తప్పని తేలేలోపు, దాని మీద ఇంకెవరో నిజాయితీగా పని చేసి ఉంటారు. తప్పు పట్టా చూసి భూమి కొన్నవాడు ఉంటాడు, తప్పు తేదీ చూసి కూలీలను పిలిపించుకున్న మేస్త్రీ ఉంటాడు, తప్పు స్టేటస్ చూసి క్లయింటుకు బిల్లు పంపిన మేనేజరు ఉంటాడు. మొదటి మార్పును వెనక్కి తీస్తే వీళ్ల గతేం కావాలో ఏ సాగా చెప్పదు. భూమి విషయంలో దానికి కోర్టులున్నాయి. ప్రాజెక్టుల్లో ఆ తీర్పు ఇవ్వాల్సిన మనిషి ఎవరో చాలా ఆఫీసుల్లో ముందే అనుకోరు. టూలు కొనేముందే ఆ పేరు రాసుకోవడం మంచిది.